గోడ అవతలి తాడు

ఒలీటా కెచ్చర్‌కు విల్లును లాగడం తెలుసు. లాగినప్పుడు అది ఎలా వంగుతుందో మాత్రం తెలియదు. వినడానికి వింతగానే ఉంటుంది, ఆ ఇంటి సంగతి తెలియనివాళ్ళకి.

ఆమె భర్త లీవై విళ్ళు చేసేవాడు. ఓక్లహోమా తూర్పు కొండల్లో, మా చెరకీ వాళ్ళ ఊళ్ళలో, శనివారాలు మగవాళ్ళు చేరి మొక్కజొన్న చొప్ప కట్టల మీదికి బాణాలు వేసే ఆట ఇప్పటికీ ఉంది. వంద గజాల అవతల కట్టలు పేర్చి పెడతారు. ఎవరి బాణం ఎక్కువ చొప్పకాడల్లో గుచ్చుకుని పోతే వాళ్ళు గెలిచినట్టు. అందులో సగం మంది చేతిలో ఉండేవి లీవై చేసిన విళ్ళే. అతను కొట్టం మధ్య గుంజకు విల్లును నడుము దగ్గర బిగించేవాడు. నారికి తాడు కట్టి, ఆ తాడును చెక్క గోడకున్న చిల్లులోంచి బయటికి వదిలేవాడు. బయట ఒలీటా నిలబడి లాగేది. "ఇంకాస్త" అంటే ఇంకాస్త. "ఆపు" అంటే ఆపడం. "వదులు" అంటే మెల్లగా వదలడం. లోపల అతను ఏం చూసేవాడో, ఏం తడిమేవాడో ఆమెకు కనిపించేది కాదు. ఆమె ఎదుట ఉండేది నాలుగు బూడిదరంగు చెక్కలు, వాటి మధ్య వేలు పట్టేంత చిల్లు.

ఆ చిల్లు పెళ్ళయిన మొదటి ఏడాదే పడింది. అప్పటికి ఇద్దరూ కొట్టంలోనే ఉండి పని చేసుకునేవాళ్ళు. ఒకరోజు విల్లు ఫెళ్ళున విరిగి, ముక్క ఎగిరొచ్చి లీవై కనుబొమను చీల్చింది. ఒలీటా తన తలగుడ్డ విప్పి కట్టు కట్టింది. మర్నాడు పొద్దున లేచేసరికి అతను గోడకు చిల్లు తొలుస్తున్నాడు.

"ఇకనుంచి నువ్వు అవతల" అన్నాడు.

"మరి నీ మొహం?"

"ఇది ఎలాగూ చెడిపోయింది. ఇంకొకటి చెడగొట్టుకోవడం ఎందుకు?"

అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె అవతలే నిలబడింది.

ఒలీటా నాలుగో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత ప్రతి వేసవికీ స్టిల్‌వెల్ చుట్టుపక్కల స్ట్రాబెర్రీ తోటల్లో కోత కూలికి వెళ్ళేది. లీవైని చూసింది అక్కడే. పక్క సాలులో వంగి కోస్తూ, గంటకోసారి ఒక పండు ఆమె బుట్టలో వేసి పోయేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. పంతొమ్మిదో ఏట పెళ్ళయింది. ఇద్దరు బిడ్డలు పుట్టారు, ఇద్దరూ నిలవలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నది పందులు, కోళ్ళు, మొక్కజొన్న మడి, చిక్కుళ్ళు, వీళ్ళిద్దరూ. లీవై పగలు కంచె గుంజలు కొట్టే పనికి వెళ్ళేవాడు. సాయంత్రాలు, ఆదివారాలు కొట్టంలో. ఆమె వంటింట్లో రొట్టె చేస్తుంటే కొట్టంలోంచి కర్ర గీకుతున్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు ఆగితే తాడు లాగే వేళయిందని అర్థం. చెయ్యి తుడుచుకుని వెళ్ళేది.

ఫిబ్రవరిలో గుంజలు చీలుస్తూ చీలుస్తూ లీవై కూలబడిపోయాడు. గొడ్డలి ఇంకా మొద్దులోనే దిగి ఉంది.

తర్వాత ఏడు రోజులు మా వాళ్ళ పద్ధతి ప్రకారమే జరిగాయి. లీవై అక్క లూసిండా వాగు అవతలి నుంచి వచ్చి దగ్గరుండి చేయించింది. పొయ్యిలో పాత బూడిద ఎత్తి పారబోశారు. దేవదారు ఆకు పొగ ఇల్లంతా పట్టించారు. పోయినవాడి బట్టలు, పరుపు, ఇంట్లో పాతవి, పగిలినవి అన్నీ పెరట్లో వేసి కాల్చారు. కొత్త నిప్పు రాజేశారు. పోయినవాడు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళాలంటే ఇంట్లో అతని చెయ్యి పట్టి ఆపేవి ఏవీ ఉండకూడదు. బాగున్న విళ్ళు గోతి తవ్విన మగవాళ్ళకు తలా ఒకటి ఇచ్చేశారు.

"ఒక్కటీ ఉంచుకోకు" అంది లూసిండా. "ఉంచుకుంటే వాడికీ కష్టం, నీకూ కష్టం."

కొట్టం కప్పుకు తీగలతో కట్టి వేలాడేవి ఇంకో పదహారు ఉన్నాయి. అన్నీ విరిగినవి. లీవై మొదట్నుంచీ విరిగిన విల్లును పారేసేవాడు కాదు, పొయ్యిలో పెట్టనిచ్చేవాడూ కాదు. రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి కట్టి వేలాడదీసేవాడు. ఎందుకని ఆమె అడగలేదు. మగవాళ్ళకి ఇలాంటి పిచ్చి ఒకటి ఉంటుందిలే అనుకుంది. ఆ రోజు ఒక్కొక్కటే దింపి తన చేతులతోనే మంటలో వేసింది. విళ్ళకు వాడే గట్టి బోడార్క్ కర్ర మంట మామూలుగా ఉండదు. టపటపా పేలుతూ నిప్పురవ్వలు మనిషెత్తు ఎగురుతాయి. దూరంగా నిలబడి చూస్తూ ఆమె అనుకున్నది ఒక్కటే, ఇవాళ్టితో అయిపోయిందని.

అయిపోలేదు. ఆ సంగతి మార్చి నెలలో తెలిసింది. రొట్టె పొయ్యి మీద పెట్టి, చేతులు పిండిలో ఉండగానే, గీకుడు చప్పుడు ఆగిందేమో అని చెవి పెట్టి వినేది. ఆగడానికి అది మొదలైతే కదా. అడవి ఉల్లికాడల రోజుల్లో వాటిని గుడ్లలో వేసి వేపి, రెండు కంచాలు తీసేది. రెండో కంచాన్ని వెంటనే లోపల పెట్టేయడానికి చెయ్యి వచ్చేది కాదు. అలాగని దాన్ని చూస్తూ తినలేకపోయేది. కంచం మీద గుడ్డ కప్పి తినేది. లూసిండాతో మాటలు ఆగిపోయాయి. పోట్లాట ఏమీ లేదు. ఒకరు వాగు దాటి వెళ్ళలేదు, రెండోవారూ దాటి రాలేదు. ఒలీటా మనసులో మాత్రం ఒక్క మాట గుచ్చుకుని ఉండిపోయింది. ఆవిడ అనకపోతే ఒక్క విల్లయినా మిగిలేది కదా అని.

జూన్‌లో ఒక కోడి ఎక్కడో దాచి గుడ్లు పెడుతోంది. దాన్ని వెతుకుతూ ఒలీటా నిచ్చెన వేసుకుని కొట్టం అటక ఎక్కింది. గుడ్లు లేవు. దూలం వెనకాల, దుమ్ము పట్టిన గోనె కింద, మనిషి పొడుగున రెండు బోడార్క్ దుంగ చీలికలు ఉన్నాయి. పగుళ్ళు రాకుండా కొసలకు ఎర్ర రంగు పూసి ఉంది. ఆ ఎరుపు ఇంటి తలుపుకు వేసిన రంగే, డబ్బాలో మిగిలింది. తొమ్మిదేళ్ళ కిందట ఆమె పుట్టింటి పొలం గట్టు మీద పిడుగు పడ్డ చెట్టును ఇద్దరూ కలిసి నరికి బండిలో తెచ్చుకున్న కర్ర అది. ఏడు రోజుల శుద్ధిలో ఎవరి కంటా పడకుండా మిగిలిపోయింది.

ఆమె వాటిని వెంటనే దింపలేదు. అటక మీదే చాలాసేపు కూర్చుంది. లీవై చెయ్యి తగిలిన కర్రల్లో ఈ లోకంలో తనకు మిగిలినవి ఈ రెండే. ఇందులోంచి ఒక్క విల్లు వస్తే చాలు. అది ఇంట్లో ఉంటే చాలు. ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది.

ఆదివారం కాఫీకి జీక్ వచ్చాడు. లీవైతో కలిసి ఆట ఆడినవాడు, డెబ్బై దాటినవాడు, కుడి భుజం జారిపోయి రెండేళ్ళుగా బాణం వేయడం మానేసినవాడు. గోడకు ఆనించి ఉన్న కర్రలను చూడగానే కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"ఓరి వీడి కడుపు కాలా, ఇంత మంచి కర్ర దాచుకుని పోయాడా! చెల్లెమ్మా, నాకివ్వు. మా వాళ్ళ చేత పదిరోజుల్లో విల్లు చేయించి తెచ్చి నీ వంటింట్లో పెడతాను."

"వాళ్ళు చేస్తే వాళ్ళ విల్లవుతుంది అన్నా."

"కర్ర లీవైదేగా?"

"చెయ్యి వాళ్ళదేగా?"

"మరి నువ్వు చేస్తే చెయ్యి నీది కాదూ?"

ఒలీటా తన అరచేతులు చూసుకుంది. "నాది ఆ చేతి పక్కనే ముప్పై ఏళ్ళు తిరిగిన చెయ్యి."

"తిరిగావులే" అన్నాడు జీక్, "గోడ అవతల."

ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది. కోపం రావడం కూడా బాగానే అనిపించింది. ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి.

మర్నాడే మొదలుపెట్టింది. రెండు పిడుల కత్తి లీవై పనిముట్లలో ఉంది. ఇనుము కాల్చరు కాబట్టి మిగిలింది. కర్రను బల్లకు బిగించి కత్తిని తన వైపు లాక్కుంటూ బెరడు తీసింది. బెరడు కింద పాలలాంటి తెల్లపొర. దాని కింద చేవ, పచ్చి పసుపు కొమ్ము విరిచినట్టు. చేవలో ఏడాదికొక పొర. అందులో ఒక్క పొరను ఎంచుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా దాన్నే పట్టుకుని పోవాలి. అదే విల్లు వీపు. దాని మీద కత్తి గాటు పడకూడదు. ఈమాత్రం ఆమెకు తెలుసు, ఎందుకంటే లీవై పని చేస్తూ పైకే అనుకునేవాడు: "తెగకు, తెగకు, దీని మీదే ఉండు."

మూడు వారాలు పట్టింది. నడి కర్రకు కొంచెం పైన ఒక ముడి ఉంది, కొమ్మ పుట్టినచోటు. అక్కడ పొర కూడా ముడితో పాటు బొడిపెలా లేచింది. ఒలీటా చేతికి ఆ బొడిపె నచ్చలేదు. రొట్టె మీద పొంగు కనిపిస్తే అరచేత్తో అదిమే చెయ్యి అది. బల్ల మీద మరక కనిపిస్తే రెండుసార్లు తోమే చెయ్యి. ఆకురాయి పెట్టి బొడిపెను అరగదీసి, పక్కనున్న కర్రతో సమంగా చేసింది. వేళ్ళతో తడిమి చూస్తే గాజులా నున్నగా జారింది. చాలా సంతోషించింది. ఆ సాయంత్రం చిక్కుడు రొట్టెలు మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించి, ఒక్కతే అయినా నాలుగు తిన్నది.

లాగే రోజు వచ్చింది. మనిషి సాయం లేదు. విల్లును గుంజకు బిగించి, తాడును చిల్లులోంచి బయటికి తీసి, తనే బయటికి వెళ్ళి లాగింది. తాడుకు లీవై వేసిన ముడులున్నాయి, ఎంత లాగారో తెలియడానికి. మొదటి ముడి దాకా లాగి, తాడును మేకుకు చుట్టి, గబగబా చుట్టు తిరిగి లోపలికి పరుగెత్తి చూసింది. వంగింది! ఎక్కడ ఎక్కువ వంగిందో, ఎక్కడ తక్కువో పోల్చుకునేలోపే భయమేసి మళ్ళీ బయటికి పరుగెత్తి వదిలింది. అలా ఇరవైసార్లు తిరిగి ఉంటుంది. కోళ్ళు కూడా ఆమె దారికి అడ్డు తప్పుకోవడం నేర్చుకున్నాయి.

తాడు మూడో ముడి దగ్గర, ఆమె బయట ఉండగా, విల్లు విరిగింది. తాడు చేతిలో ఒక్కసారిగా బరువు పోగొట్టుకుని వదులైంది. లోపల ముక్క వెళ్ళి రేకు బకెట్‌ను కొట్టిన చప్పుడు. ఆమె వెనక్కి రెండడుగులు తూలి, గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. ఇదివరకు విరిగిన ప్రతిసారీ గోడ అవతల నుంచి ఒక మాట వచ్చేది, "నాకేం కాలేదు" అని. ఈసారి ఎవరికి ఏమైందని ఎవరు చెబుతారు?

ఆదివారం జీక్ వచ్చి రెండు ముక్కలనూ ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు ముక్కు మీదికి దించాడు. "బొగ్గుల కుంపట్లో పెట్టదగ్గ కర్ర అయింది ఇప్పుడు" అన్నాడు మొదట. తర్వాత నవ్వు మానేసి వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగో, ఈ పేడు చూడు. ఇంత పొడుగున చీరుకుపోయింది కదా. దీని మొదలు ఎక్కడుంది? వెనక్కి రా. ఇంకా వెనక్కి. ఆఁ. ఎక్కడికొచ్చాం?"

"ముడి దగ్గరికి."

"ఇక్కడ ఏం చేశావు?"

"ఎత్తుగా ఉంటే నున్నగా చేశాను."

"నున్నగా!" జీక్ తల పట్టుకున్నాడు. "వంటింటి బల్ల చేస్తున్నాననుకున్నావటమ్మా? ముడి లేస్తే పొరా లేస్తుంది. అది లేచినచోట లేవనియ్యాలి. నువ్వు బొడిపె చెక్కేసరికి మూడేళ్ళ పొరలు తెగ్గోశావు. ఇదిగో గుండ్రంగా, ఉల్లిపాయ కోసినట్టు కనిపించడంలా? లాగినప్పుడు ఆ తెగిన అంచు లేచింది. మిగతాదంతా దాని వెనక పోయింది."

ఆమె ఆ అంచు మీద వేలు పెట్టింది. సన్నగా గుచ్చుకుంది.

"లీవైకి కూడా అచ్చం ఇలాంటిదే విరిగింది, చిన్నప్పుడు" అన్నాడు జీక్. "కిటికీ పక్కన మూడోది అది. నేను విల్లు చేయడం దాన్ని చూసే నేర్చుకున్నాను. లీవైగాడు నోరు విప్పి చెప్పేవాడు కాదుగా. ఏదైనా అడిగితే ఆ కప్పుకేసి చూపించేవాడు, అదిగో ఆ విరిగినదాన్ని చూసుకో అని. ఏదీ, దాన్ని తీసుకురా. పక్కపక్కన పెట్టి చూపిస్తా."

ఒలీటా కదల్లేదు.

"ఏమ్మా?"

"కాల్చేశాను అన్నా."

"ఏది, మూడోదా?"

"అన్నీ."

జీక్ కళ్ళజోడు తీశాడు. "పదహారూ?"

"పదహారూ."

దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. కాఫీ చల్లారిపోయింది. లేచి వెళ్తూ, మిగిలిన ఒక్క కర్రకేసి చూసి, "అది విరిగితే ఇక లేదు చెల్లెమ్మా" అన్నాడు. "ఆలోచించుకో. నేనన్న మాట ఇప్పటికీ ఉంది, కాదనకు."

ఆ వారమంతా ఆమె పదహారింటినీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ప్రతి వసంతంలోనూ చీపురు కర్రకు గుడ్డ కట్టి వాటి దుమ్ము దులిపింది ఆమే. ముప్పై సార్లు దులిపింది. సాలెగూళ్ళు గుర్తున్నాయి. ఒకదాని మీద పిచ్చుక గూడు పెట్టిన ఏడాది గుర్తుంది. ఏది ఎక్కడ విరిగిందో మాత్రం ఒక్కటీ గుర్తు లేదు. అతను రాసుకున్న పుస్తకం అట్టలు తుడుస్తూ, ఒక్కసారైనా తెరవకుండా, చివరికి మంటలో వేసిందన్నమాట. కిటికీ కింద కూర్చుని తన విరిగిన విల్లును ఒళ్ళో పెట్టుకుని ఆ పేడు వెంబడి వేలు పోనిచ్చేది, కొస నుంచి ముడి దాకా, ముడి నుంచి కొస దాకా. దగ్గర ఉన్నది అదొక్కటే. చదవాల్సింది అదే.

నెలన్నర పాటు ఆ విరిగినదాన్ని పక్కన పెట్టుకునే రెండో కర్ర మీద పని చేసింది. ఈ కర్రకు ముడులు రెండు. వాటి దగ్గరికి వచ్చేసరికి పెద్ద కత్తి పక్కన పెట్టి, వంకాయలు కోసే చిన్న కత్తితో గోరంత గోరంత గీకింది. పొర పైకి ఎక్కినచోట తనూ ఎక్కింది, దిగినచోట దిగింది. చీమలపుట్టల్లా రెండు బొడిపెలు అలాగే నిలిచాయి. చూడ్డానికి ఏమీ బాగాలేవు. ఆకురాయి మీదికి చెయ్యి పోయినప్పుడల్లా వెనక్కి తీసుకుంది. గీకుతున్నప్పుడు నోటి వెంట మాట వచ్చేది, తెగకు, తెగకు అని. అది ఎవరి మాటో తెలిసి ఆగిపోయేది. కాసేపటికి మళ్ళీ అనేది.

ఆగస్టు నెలాఖరుకి వంచే పని వచ్చింది. ఇక పరుగులు పెట్టే పద్ధతి పనికిరాదు. తాడు కట్టేసి వదిలిపెడితే కర్ర వంగినచోటే అలిసిపోతుంది. ఒకరు లాగాలి. లాగి పట్టుకున్న ఆ కాసేపట్లో ఇంకొకరు చూడాలి. జీక్ భుజం పనికిరాదు. అతని మనుషుల్ని పిలిస్తే కర్ర వాళ్ళ చేతిలోకి పోతుంది. రెండు రోజులు ఆలోచించి, ముఖం కడుక్కుని, వాగులో రాళ్ళ మీద అడుగులేస్తూ అవతలికి దాటింది.

లూసిండా అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. కళ్ళలో పొర.

"ఎవరది?" అంది. దగ్గరికొచ్చాక, "ఓ, నువ్వా. దారి తప్పావా?"

"తాడు లాగడానికి మనిషి కావాలి వదినా."

చిక్కుడుకాయ విరిచిన చప్పుడు. "నా వయసెంతో తెలుసా?"

"కోళ్ళ మెడలు ఇంకా నువ్వే తిప్పుతున్నావుగా. చేతులకేం వయసు రాలేదు."

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? గోతి తవ్విన తొమ్మిదిమంది ఉన్నారుగా. తలా ఒక విల్లూ పంచావు. వాళ్ళని పిలు."

ఒలీటా మెట్టు మీద కూర్చుంది. "నువ్వేగా ఒక్కటీ ఉంచొద్దన్నావు."

"నీ ఇంట్లో ఉంచొద్దన్నాను" అంది లూసిండా. గిన్నె ఒళ్ళోంచి దించింది. "నా ఇంట్లో ఉంచొద్దన్నానా? తోడబుట్టినదాన్ని. వాడికి నడక నేర్పిందాన్ని. అందరికీ ఇస్తూ పోయావు, నా వైపు ఒక్కసారి చూస్తావేమో అని తలుపు దగ్గరే నిలబడ్డాను. చూడలేదు."

ఆరు నెలలుగా తన గుండెలో గుచ్చుకున్న ముల్లు ఆవిడ గుండెలోనూ ఉందని ఒలీటాకు తోచనే లేదు. కింద వాగులో రాళ్ళ మీద నీళ్ళు పోతున్నాయి. కాసేపటికి గిన్నెలోంచి తనూ ఒక చిక్కుడుకాయ తీసి ఒలిచింది. గిన్నె అడుగంటేదాకా ఇద్దరూ ఒలిచారు.

"పద" అంది లూసిండా లేస్తూ. "పొయ్యి మీద కుండ దింపి వస్తా. చీకటి పడేలోపు నన్ను నా కోళ్ళ దగ్గరికి పంపించాలి, ముందే చెబుతున్నా."

కొట్టం దగ్గరికి రాగానే లూసిండా ఎవరూ చెప్పకుండానే బయట, చిల్లు దగ్గర నిలబడింది.

"నీకెలా తెలుసు అక్కడని?"

"నా పెళ్ళయ్యేదాకా మా నాన్నకి తాడు లాగింది నేనే. గోడ లేదప్పుడు. దుప్పటి అడ్డం కట్టేవాడు, ముక్క తగలకుండా. లోపల ఏం చూస్తారో నన్నడక్కు. నేనెప్పుడూ చూడలేదు."

"మీ ఇంటి ఆడవాళ్ళంతా అవతలే ఉన్నారన్నమాట."

"మా ఇంటిదానివేగా, నువ్వు మాత్రం ఎక్కడున్నావే?"

ఇద్దరూ నవ్వారు. ఒలీటా సుద్దముక్క తీసుకుని లోపలికి వెళ్ళింది.

"లాగు వదినా. ఇంకాస్త."

తాడు బిగిసింది. నారి గోడ వైపు జరిగింది. గుంజ దగ్గర బిగించి ఉన్న కర్ర రెండు కొసలూ మెల్లగా ముందుకు వచ్చాయి. ఎడమ సగం మెత్తగా, వెదురులా వంగుతోంది. కుడి సగం బల్లలా బిగుసుకుని, చివర్న మాత్రం చప్పున తిరుగుతోంది. ఒలీటా అరచెయ్యి దాని మీద పెట్టింది. లోపలెక్కడో పని జరుగుతున్నట్టు కర్ర వేడిగా లేకపోయినా బతికి ఉన్నట్టుంది. "ఆపు" అంది. వెంటనే ఇంకేమీ అనలేకపోయింది.

లీవై కూడా "ఆపు" అన్నాక ఇలాగే కాసేపు ఊరుకునేవాడు. బయట తాడు పట్టుకుని, చేతులు లాగేస్తుంటే, ఏం నిద్రపోతున్నాడా అని ఆమె విసుక్కునేది. ఇప్పుడు తెలిసింది, ఆ కాసేపూ అతని చెయ్యి ఎక్కడుండేదో.

"బతికే ఉన్నావా?" బయట నుంచి లూసిండా. "నా భుజం ఊడిపోతోంది."

"వదులు."

బిగుసుకున్నచోట సుద్దతో గీత పెట్టి, విల్లు లోపలి వైపున, అంటే పొట్ట మీద, గీకింది. మళ్ళీ లాగించింది. మళ్ళీ గీకింది. మూడు సాయంత్రాలు లూసిండా వాగు దాటి వచ్చింది. రెండో రోజు అడవి గింజలతో చేసే కనూచి ముద్ద ఒకటి తెచ్చి, "నేనే దంచా, రాళ్ళు తగిలితే తిట్టుకో" అంది. తాడు మూడో ముడి దాటేటప్పుడు ఒలీటా కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏ చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచేసరికి రెండు బొడిపెలూ వంపు మీద అలాగే కూర్చుని ఉన్నాయి, చుట్టూ పొర ఎక్కడా లేవకుండా.

మూడో సాయంత్రం తాడు చివరి ముడి దాకా వచ్చింది. రెండు సగాలూ ఒక్కలా వంగాయి. సరిగ్గా ఒక్కలా కాదు, కుడి సగం కొంచెం బద్ధకంగా ఉంది. జీక్ చూస్తే వంకపెడతాడు. బలం కూడా లీవై విళ్ళకున్నంత లేదు, వంద గజాల దగ్గర చొప్పలో ఒక్క కాడలో బాణం గుచ్చుకుంటే గొప్పే. కానీ అది విల్లే. దాన్నలా చూస్తూ, ఇది వంటింట్లో ఏ మూల పెట్టాలా అనుకుంది. ఆ ఆలోచనలోనే ఆ రోజు లూసిండా తలుపు దగ్గర నిలబడ్డ సంగతి గుర్తుకొచ్చింది.

"వదులు" అంది. తాడు వదులయ్యాక బయటికి వచ్చింది.

"ఎలా ఉంది?" అడిగింది లూసిండా, అరచేతులు ఊదుకుంటూ.

"వచ్చి చూడు. నేను లాగుతా."

"ఈ కళ్ళకేం కనిపిస్తుందే?"

"చెయ్యి పెట్టి చూడు. అతనూ చేత్తోనే చూసేవాడు."

లూసిండా నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. ఒలీటా తాడు పట్టుకుంది. లాగుతుంటే చేతులకు ఆ బరువు పాత చుట్టంలా తగిలింది. మొదటి ముడి, రెండోది, మూడోది, చివరిది. పట్టుకుని ఆగింది.

లోపల నుంచి మాట రాలేదు. మామూలుగా మూడు ఊపిర్లకు మించి పట్టుకోకూడదు. మూడూ అయ్యాయి. నాలుగోది అయింది. చెక్కల అవతల ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు, కర్ర మీద అరచెయ్యి పారాడుతున్న చప్పుడు. పిలుద్దామని నోరు తెరిచి, మూసుకుంది. ఐదో ఊపిరికి తనంతట తనే తాడును గుప్పెడు గుప్పెడుగా వదలడం మొదలుపెట్టింది, కర్రకు కుదుపు తగలకుండా, చివరి ముడి నుంచి మొదటి ముడి దాకా, నారి పూర్తిగా వెనక్కి వెళ్ళి నిలిచేదాకా.

చాలాసేపటికి చిల్లులోంచి లూసిండా గొంతు వచ్చింది, జలుబు చేసినట్టుగా.

"ఎవరే నిన్ను వదలమంది?"

"ఎవరూ అనలేదు వదినా" అంది ఒలీటా. "విల్లు నారి విప్పి నీ వెంట తీసుకెళ్ళు. చీకటి పడుతోంది."